రోహిణి కార్తెలో పొదగేసిన గుడ్లు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా సత్తుపల్లి దగ్గర పల్లె. ఇంటి వెనుక ఐదారు సెంట్ల పెరడు ఉంది. కిందటేడు నాలుగు నాటు పెట్టలు, మూడు వనరాజ పెట్టలు, ఒక నాటు పుంజుతో కోళ్ల పెంపకం మొదలుపెట్టాను. సంక్రాంతికి ముందు ఒక నాటు పెట్ట కింద 11 గుడ్లు పెడితే 9 పిల్లలయ్యాయి. ఆ ఉత్సాహంతో మే మొదట్లో ఇంకో పెట్టకు 14 పెట్టాను. మూడే పిల్లలయ్యాయి. అది రేకుల షెడ్డులో కూర్చుంది. కోడితో లాభం లేదని ఆన్‌లైన్‌లో చిన్న ఇంక్యుబేటర్ తెప్పించి, వంటింట్లో బియ్యం డబ్బా మీద రెండున్నర వారాలు పోగేసిన 36 గుడ్లు మే నెలాఖరులో పెట్టాం. ఐదు పిల్లలు వచ్చాయి. మా పాప రోజూ మూత తీసి చూసేది. కరెంటు కూడా రెండుసార్లు పోయింది. పొదగని గుడ్లు పారేశాం. ఆ ఎనిమిది పిల్లలు కూడా జులై చివర మెడలు వంకర తిరిగి, పచ్చగా పారుకుని నాలుగు రోజుల్లో చచ్చిపోయాయి. అంతకు వారం ముందు సంతలో కొన్న పెట్ట కూడా పోయింది. జనవరి పిల్లల్లో ఏడు మిగిలాయి. వాటిలో ఐదు పుంజులే. ఒకటే కొట్టుకుంటున్నాయి, పెట్టల వీపుల మీద ఈకలు ఉంచడం లేదు. శ్రావణం వెళ్లాక కోద్దామని అత్తయ్య అంటున్నారు. మా ఆయనకు చేయి రాదు. పాపేమో వాటికి లడ్డు, బూందీ, జిలేబీ, మిర్చి, పకోడీ అని పేర్లు పెట్టుకుంది. ఇంక్యుబేటర్ మార్చమంటారా? పిల్లలు ఎందుకు చచ్చిపోయాయి? కోసి శుభ్రం చేసుకోవడం ఇంట్లో ఎలా?

సమాధానం: చెల్లెమ్మా, పేరు వేయొద్దన్నారు కాబట్టి ఇలాగే పిలుస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీరు అడిగిన ప్రశ్నల కోసం, రెండోసారి మీరు మాటవరసకు రాసేసిన సంగతుల కోసం. బియ్యం డబ్బా, రేకుల షెడ్డు, సంతలో పెట్ట, పాప మూత తీయడం. మీకు కావాల్సిన జవాబులు చాలావరకు వీటిలోనే ఉన్నాయి.

ఇంక్యుబేటర్ మార్చకండి. మార్చాల్సింది నెల. సంక్రాంతికి పెట్టినప్పుడు 11కి 9 అయ్యాయంటే మీ పుంజు మంచిదే, పెట్టా మంచిదే, మీ చేయీ మంచిదే. అదే పుంజు, అదే పెరడు, ఎండలు ముదిరాక 14కి 3, 36కి 5. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. గుడ్డు ఏపాటి! మా ఇంట్లో ఒక లెక్క ఉంది. దసరా నుంచి శివరాత్రి దాకా పెట్టిన గుడ్లు పొదగడానికి, శివరాత్రి నుంచి తొలకరి దాకా పెట్టినవి అట్టు వేసుకోవడానికి. మా అమ్మ ఈ మాట చెబితే చాదస్తం అనుకునేవాణ్ణి. రెండు వేసవులు గుడ్లు మురగబెట్టుకున్నాక వినడం మొదలుపెట్టాను.

కారణం చెబుతాను, ఇది తెలిస్తే మిగతావన్నీ మీకే తోస్తాయి. పెట్ట గుడ్డు పెట్టే సమయానికే లోపల పిండం పని మొదలుపెట్టేసి ఉంటుంది. పెట్ట ఒంట్లో ఒక రోజంతా వెచ్చగా ఉండి వచ్చిన గుడ్డు కదా. బయటపడి చల్లబడగానే ఆ పెరుగుదల ఆగి పిండం నిద్రలోకి వెళ్తుంది. మళ్లీ కోడి కూర్చుని వెచ్చబెట్టినప్పుడు లేస్తుంది. ఆ నిద్ర సరిగ్గా పట్టాలంటే 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. 25 దాటితే పిండం సగం నిద్ర, సగం మెలకువ. మీ వంటింట్లో మే నెలలో ఎంత ఉండి ఉంటుంది? పగలు 38, 40. అంటే బియ్యం డబ్బా మీద పెట్టిన గుడ్డు పొదుగు మీద ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. కొంచెం పెరుగుతుంది, రాత్రికి ఆగుతుంది, మర్నాడు మళ్లీ పెరుగుతుంది. ఇలా రెండున్నర వారాలు. ఇంక్యుబేటర్‌లోకి వెళ్లేటప్పటికే వాటిలో చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. మిషన్ మంచిదా చెడ్డదా అనే మాట ఆ తర్వాత సంగతి.

కాబట్టి దసరాకి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గుడ్లు పొద్దునోసారి, సాయంత్రం ఓసారి తీయండి. గూట్లో వదిలేస్తే ఇంకో పెట్ట వచ్చి దానిమీదే కూర్చుని పెడుతుంది, అదో వెచ్చదనం. తీసిన ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ వేయండి. కడగకండి. పెంకు మీద కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుంది, కడిగితే అది పోయి రంధ్రాల్లోంచి మురికి లోపలికి పోతుంది. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడిస్తే చాలు, బాగా పెంట అంటుకున్నవి పొదుగుకు వద్దు. వెడల్పు మూతి కుండలో సగం వరకు తడి ఇసుక పోసి, పైన గోనెపట్టా మడిచి వేసి, దాని మీద సన్నని కొస కిందికి ఉండేలా గుడ్లు పేర్చి, ఇంట్లో అన్నింటికంటే చల్లని మూల పెట్టండి. ఫ్రిజ్ వద్దు, ఆ చలి మరీ ఎక్కువ. ఇలా పెట్టినా చలికాలంలో వారం, కాస్త వేడి రోజుల్లో నాలుగైదు రోజులు. అంతకు మించినవి వంటింటికి పంపేయండి. 36 గుడ్లు పట్టే మిషన్ ఉంది కదా అని 36 వచ్చేదాకా ఆగడమే చాలామంది చేసే పొరపాటు. 15 ఉంటే 15 పెట్టండి.

ఇక మేలో కూర్చున్న పెట్ట సంగతి. రేకుల షెడ్డు అన్నారు. మధ్యాహ్నం ఆ రేకుల కింద మనమే అరగంట కూర్చోలేం. వేడికి తాళలేక అది మాటిమాటికీ లేచిపోయి ఉంటుంది. ఇంకో అనుమానం కూడా ఉంది. పొదుగు మీద ఉన్న పెట్టను ఊరికే వదిలేస్తే మిగతా పెట్టలు వచ్చి అదే గూట్లో గుడ్లు పెట్టిపోతాయి. అది పాపం అన్నింటినీ కడుపు కింద సర్దుకుంటుంది. అన్నీ కడుపు కింద పట్టవు కదా, రోజుకో రెండు అంచుకు జారి చల్లబడతాయి. రేపు ఇంకో రెండు. పాతవి ఏవో కొత్తవి ఏవో తెలియక చివరికి అన్నీ పాడవుతాయి. అందుకే పొదగేసిన రోజున అన్ని గుడ్ల చుట్టూ పెన్సిల్‌తో ఒక గీత గీయండి. గీత లేని గుడ్డు కనిపిస్తే సాయంత్రం తీసేయండి. నాటు పెట్టకు 10 నుంచి 12 చాలు. చీకటి పడ్డాక పెట్టండి, రాత్రంతా కదలకుండా కూర్చుంటే మర్నాటికి అలవాటు పడుతుంది. వెదురు బుట్టలో అడుగున కాస్త బూడిద, దాని మీద ఎండుగడ్డి, నాలుగు వేపాకు రెమ్మలు. పొదుగు మీద ఉన్న కోడికి పేలు పడితే అది నిలవదు, గుడ్లు వదిలేసి పోతుంది. మా అమ్మమ్మ అయితే బుట్టలో ఒక ఇనుప మేకు, బొగ్గు ముక్క, ఎండుమిరపకాయ కూడా పెట్టేది, ఉరుములకు గుడ్లు మురగకుండా అని. ఉరుముకీ మేకుకీ సంబంధం నాకు తెలియదు గానీ, ఆవిడ బుట్టలో పది గుడ్లు పెడితే ఎనిమిదికి తక్కువ ఎప్పుడూ కాలేదు. ఆవిడ వేసవిలో పొదగేసేది కాదు మరి.

ఇంక్యుబేటర్ విషయంలో ఒక సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. దానికి వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. లోపల 37.5 డిగ్రీలు ఉండాలి. గదిలోనే 41 ఉంటే హీటర్ ఆగిపోయినా లోపల 41 ఉంటుంది. చల్లదనానికి పిండం కొంతసేపు ఓర్చుకుంటుంది, ఎక్కువ వేడికి ఓర్చుకోదు. కాబట్టి కరెంటు రెండుసార్లు పోయినందుకు మీరు పడ్డ టెన్షన్ అనవసరం. చలికాలంలో కరెంటు పోతే మూత తీయకుండా పైన ఒక దుప్పటి కప్పండి, మూడు నాలుగు గంటలు ఫర్వాలేదు. అసలు దెబ్బ కరెంటు ఉన్నప్పుడే, మధ్యాహ్నం పూట తగిలింది. ఇంకొకటి, మీ మిషన్‌లో ఫ్యాను ఉందో లేదో చూడండి. ఫ్యాను ఉంటే 37.5. లేకపోతే వేడంతా పైన చేరి అడుగు చల్లగా ఉంటుంది. అప్పుడు థర్మామీటర్ గుడ్ల పైభాగం ఎత్తులో పెట్టి 38.5 చూసుకోవాలి. మిషన్‌తో వచ్చిన అంకెను నమ్మకండి. మందుల షాపులో దొరికే మామూలు జ్వరం థర్మామీటర్ ఒకటి లోపల పెట్టి సరిచూసుకోండి.

పాప మూత తీయడం గురించి. మొదటి 18 రోజుల్లో రోజుకు మూడుసార్లు గుడ్లు తిప్పడానికి ఎలాగూ తీయాలి, అప్పుడు చూడనివ్వండి. ఏడో రోజు రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చి మీద గుడ్డు లావు వైపు ఆనించి పాపకే చూపించండి. పిండం ఉంటే మధ్యలో చుక్క, చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రని నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది పొల్లు గుడ్డు, తీసేయండి. ఒక్కసారి అది చూసిందంటే మిగతా రోజులు కుదురుగా ఉంటుంది. 18వ రోజు నుంచి మాత్రం తిప్పడం ఆపి, నీళ్ల గిన్నె నింపి, మూతకు టేపు అంటించేయండి. ఆ మూడు రోజులు లోపల గాలిలో తేమ 65, 70 శాతం ఉండాలి. పిల్ల పెంకుకు బెజ్జం పెట్టాక మూత తెరిస్తే ఆవిరంతా బయటికి పోతుంది, లోపలి పొర ఆరి పిల్ల ఒంటికి కాగితంలా అతుక్కుంటుంది. ఇక అది తిరగలేదు. బయటికి రాలేక ముక్కు మాత్రం కదిలిస్తూ అక్కడే చచ్చిపోతుంది. బెజ్జం పెట్టిన తర్వాత బయటపడడానికి పిల్ల 12 గంటలు, ఒక్కోసారి రోజంతా తీసుకుంటుంది. మధ్యలో పడుకుంటుంది. మనం సాయం చేయబోతే రక్తం వస్తుంది.

మీరు చేసిన పనుల్లో నాకు నిజంగా బాధ కలిగించింది ఒక్కటే, పొదగని గుడ్లు పారేయడం. 31 గుడ్లమ్మా! ఏం జరిగిందో అవే చెప్పేవి. నేను మిషన్ కొన్న మొదటి ఏడు 24 పెడితే 2 అయ్యాయి. అమ్మిన షాపువాడితో ఫోన్లో గంట పోట్లాడాను. తర్వాత ఊళ్లో ఒక పెద్దాయన వచ్చి, పగలగొట్టి చూశావా అన్నాడు. పెరట్లో చివరకు తీసుకెళ్లి ఒక్కోటి పగలగొట్టాం. ఏడింటిలో ఏమీ లేదు, పచ్చసొన మామూలుగా ఉంది. అప్పట్లో మా పుంజుకు కాలు వాచి ఉంది, అది పెట్టలను తొక్కనే లేదు. తొమ్మిదింటిలో సొన చుట్టూ సన్నని రక్తపు ఉంగరం. అంటే మొదటి నాలుగైదు రోజుల్లోనే పోయినవి, గుడ్లు నిలవ ఉంచడంలో పొరపాటు. ఆరింటిలో ఈకలతో సహా పూర్తిగా తయారైన పిల్ల, పెంకు మీద గీత కూడా పడలేదు. అది మిషన్ తప్పు, అంటే తేమ చూసుకోని నా తప్పు. మూడు రకాల చావులు, మూడు కారణాలు, మూడూ నావే. షాపువాడికి మళ్లీ ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. మీరు కూడా ఈసారి 22వ రోజు దాటాక మిగిలినవన్నీ పగలగొట్టి ఒక పుస్తకంలో రాసుకోండి. కాకపోతే దూరంగా నిలబడి, గాలి మీ వెనక నుంచి వీచేటట్టు చూసుకుని పగలగొట్టండి. మురిగిన గుడ్డు ఒక్కోసారి టపాకాయలా పేలుతుంది. ఆ చొక్కా నేను మళ్లీ వేసుకోలేదు.

మధ్యలో ఒక మాట, మీ వనరాజ గురించి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. ఏడాదికి వంద పైన గుడ్లు పెడుతుంది, మన నాటు పెట్ట 50, 60 దగ్గర ఆగిపోతుంది. అయితే వనరాజ పొదుగు మీద కూర్చోదు, దాని కోసం చూడకండి. దాని గుడ్లు నాటు పెట్ట కింద పెట్టొచ్చు, పిల్లలవుతాయి, కానీ అది సంకరం కాబట్టి పిల్లలకు తల్లి గుణాలన్నీ రావు. వనరాజ కావాలంటే పిల్లలు కొనుక్కోవడమే మేలు. మీ మూడింటి గుడ్లు తినడానికి, నాటు గుడ్లు పొదుగుకు అని విడదీసుకుంటే గొడవే ఉండదు. ఇంట్లో మిగిలిన అన్నం, నూకలు అడ్డూ ఆపూ లేకుండా పెడితే వనరాజ కొవ్వు పట్టి గుడ్లు మానేస్తుంది, అదొకటి చూసుకోండి.

పిల్లలు ఎందుకు పోయాయన్నది రెండో ప్రశ్న. మెడ వంకర, పచ్చటి పారుడు, నాలుగు రోజుల్లో అన్నీ. మీరు రాసింది కొక్కెర తెగులు లక్షణాలతో అచ్చంగా సరిపోతోంది, డాక్టర్లు రాణిఖేత్ అంటారు. వచ్చాక మందు లేదు. సంతలో కొన్న పెట్ట తెచ్చి ఉంటుంది. సంతకు కోడి ఎందుకు వస్తుంది? కొన్ని డబ్బు అవసరమై వస్తాయి, కొన్ని ఊళ్లో తెగులు మొదలైందని అమ్మేసుకుందామని వస్తాయి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఏది కొన్నా రెండు మూడు వారాలు ఇంటికి అవతలి వైపు, వేరే గంప కింద, వేరే నీళ్ల గిన్నెతో ఉంచి, ముందు మీ కోళ్లకు మేత వేశాకే దాని దగ్గరికి వెళ్లాలి.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న మీరే వేసుకోవాలి. జనవరి పిల్లలు అదే పెరట్లో, అదే నీళ్లు తాగుతూ తిరిగాయి కదా, వాటికేం కాలేదెందుకు? ఉత్తరంలో రాయలేదు గానీ, వాటికి చిన్నప్పుడు ఎవరైనా కంట్లో చుక్క వేశారా, రెక్క కింద సూది వేశారా గుర్తు తెచ్చుకోండి. వేసి ఉంటారనే నా అనుమానం. వేసవి పిల్లలకు వేయించలేదు, అంతేనా?

టీకా వరస పెద్దదేం కాదు. ఐదు నుంచి ఏడో రోజు మధ్య లాసోటా, కంట్లో ఒక చుక్క. నాలుగో వారం మళ్లీ అదే. ఎనిమిది వారాలు దాటాక ఆర్‌2బి అని రెక్క కింద చర్మంలో సూది. దానికి వారం ముందు నట్టల మందు తాగించాలి, కడుపులో నట్టలు ఉన్న కోడికి టీకా సరిగ్గా పట్టదు. ఇబ్బంది ఎక్కడంటే, టీకా సీసా వంద కోళ్లకో అంతకన్నా ఎక్కువకో వస్తుంది. ఎనిమిది పిల్లల కోసం సీసా విప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అంతవరకు ఐసులో ఉండాలి. అందుకే మీ వీధిలో కోళ్లున్న నాలుగిళ్ల వాళ్లు ఒక తేదీ అనుకుని, అందరి పిల్లలూ ఒకే వారంలో పొదిగేలా గుడ్లు పెట్టుకోండి. పశువుల ఆసుపత్రికి వెళ్లి మొత్తం యాభై పిల్లలున్నాయని చెబితే వాళ్లకూ ఉత్సాహంగా ఉంటుంది. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కు మీరే పట్టుకెళ్లండి. ఇదంతా పొద్దున్నే గంప ఎత్తకముందు చేస్తే పట్టుకోవడం తేలిక.

చచ్చినవాటిని ఏం చేశారో రాయలేదు. కాలవలో పారేస్తే కింది ఊరికి తెగులు పంపినట్టే. లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. గూడు కడిగి, ఎండబెట్టి, సున్నం కొట్టండి. దసరా దాకా కొత్త పిల్లలు ఎలాగూ వద్దంటున్నాను కాబట్టి ఆ ఖాళీ కూడా కలిసొస్తుంది. అన్నట్టు, ఒకేసారి పెద్ద కోళ్లు పటపటా రాలిపోయి, జుట్టు నీలంగా మారి, ముఖం వాచిందంటే చేత్తో కూడా ముట్టుకోకుండా ఆసుపత్రికి కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా. అలాంటివాటిని కోసుకు తినడం, అగ్గువకు అమ్మడం రెండూ వద్దు.

పిల్లల పెంపకం గురించి మీరు అడగలేదు, తల్లి ఉన్నవాటికి తల్లే చూసుకుంటుంది. మిషన్ పిల్లలకు మాత్రం మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ బల్బు పెట్టాలి. థర్మామీటర్ కన్నా పిల్లలే నయం. బల్బు కింద గుట్టగా చేరితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి, చెదిరి తిరుగుతుంటే సరిపోయినట్టు. కింద ఊక పొడిగా ఉండాలి, తడిసిందంటే రక్తపు పారుడు వస్తుంది. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే మునిగి చావవు. ఇంకో చిట్కా, డబ్బు ఖర్చు లేనిది. పాత కుండలో కొంచెం పేడ, గోనె ముక్క, ఎండు చితుకులు కూరి, తడిపి, చెదలున్న చోట బోర్లించండి. తెల్లారేసరికి చెదలు నిండుతాయి. పిల్లల ముందు దులిపితే ఆ పరుగులు చూడాలి!

ఇప్పుడు ఐదు పుంజుల సంగతి. ఏడు నెలలు నిండుతున్నాయి, ఇంకా ఉంచితే మేత దండగ, పెట్టల వీపులు పుళ్లు. అత్తయ్య గారిదే సరైన మాట. ఒక్కోటి ఒక్కో ఆదివారం చొప్పున కానిచ్చేయండి. ఈమధ్య నట్టల మందో మరేదైనా మందో వేసి ఉంటే సీసా మీద రాసిన రోజులు గడిచేదాకా ఆగండి. మీ ఆయనకు చేయి రాకపోతే అందులో నామోషీ ఏం లేదు. కోత వరకు షాపులోనో, అలవాటున్న పక్కింటివాళ్లతోనో చేయించుకుని, మిగతా పని ఇంట్లో చేసుకునేవాళ్లు ఊరికి సగం మంది.

ఇంట్లోనే చేస్తామంటే ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపండి, నీళ్లు ఉంచండి. కడుపు ఖాళీగా ఉంటే శుభ్రం చేయడం సగం తేలిక. తెల్లవారుజామున, ఈగలు లేవకముందు. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాకు అడుగు కోసేసి, మూతి వైపు తల పట్టేంత వెడల్పు చేసి, తలకిందులుగా గోడకు మేకు కొట్టి బిగించండి. పుంజును తల కిందికి ఉండేలా అందులో దించితే రెక్కలు కదలవు, అరవదు కూడా, ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. దవడకు కాస్త కింద, రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు తెగేలా ఒక్క కోత. కత్తి పదును చూసుకోకుండా మాత్రం మొదలుపెట్టకండి, మొండి కత్తితో దానికీ నరకం, మీకూ నరకం. రెండు నిమిషాలు అలాగే వదిలేయండి, రక్తం పూర్తిగా కారాలి.

ఈకలకు నీళ్లు మరిగేవి వద్దు. మరిగే నీళ్లు ఒక బిందె, మామూలు నీళ్లు ఒక బిందె కలిపితే 65 డిగ్రీలకు కాస్త అటూ ఇటుగా వస్తాయి, అది చాలు. కాళ్లు పట్టుకుని ముంచి అటూ ఇటూ ఆడించండి. ముప్పావు నిమిషం తర్వాత రెక్కలోని పెద్ద ఈక లాగి చూడండి, సులువుగా వస్తే తీసేయండి. ఇంకా ఉంచితే తోలు ఉడికి, ఈకతో పాటు చర్మం ఊడొస్తుంది. పీకాక నూగు మిగులుతుంది కదా, పసుపు పట్టించి ఎండుగడ్డి మంట మీద తిప్పండి. ఆ మంట వాసన పట్టని నాటుకోడిని నేను నాటుకోడి అనను.

పొట్ట కోసేటప్పుడే అందరూ తొందరపడతారు. తోక మొదట్లో పసుపుపచ్చగా ఉండే నూనె గడ్డ కోసేయండి. మెడ కింద మేత సంచి వేళ్లతో విడదీసి తీయండి. తర్వాత పొట్ట కింది భాగంలో తోలు మాత్రమే తెగేలా చిన్న గాటు పెట్టి, వేలు లోపలికి పోనిచ్చి గాటు పెంచండి, కత్తితో పేగు తెగిందంటే మాంసమంతా కడుక్కోవాలి. చేయి లోపలికి పోనిచ్చి అన్నీ ఒకేసారి బయటికి లాగండి. కార్జానికి అంటుకుని ఆకుపచ్చటి చేదుతిత్తి ఉంటుంది. దాన్ని గిల్లడానికి చూడకండి, చుట్టూ చిటికెడు కార్జంతో సహా కోసి పారేయండి. పగిలితే కూరంతా చేదు. కందనకాయను మధ్యకు చీల్చి, రాళ్లు దులిపి, లోపలి పసుపు తోలు గోటితో ఒలిస్తే ఒక్క ముక్కలో వచ్చేస్తుంది, ఆ పని పాపకు ఇష్టమైతే ఇవ్వండి. ఈకలు, పేగులు గుంట తీసి పూడ్చండి. కుక్కలకు వేస్తే ఆ రుచి మరిగి రేపు గూటి మీదికే వస్తాయి.

కోసిన అరగంటలో పొయ్యి మీద పెట్టాలి, లేదా ఫ్రిజ్‌లో ఏడెనిమిది గంటలు ఉంచి వండాలి. మధ్యలో కండ బిగుసుకుంటుంది. అప్పుడు వండితే ఎన్ని విజిళ్లు వేసినా ముక్క సాగుతుంది. పొద్దున కోసి రాత్రికి వండుకోండి.

పాప విషయం. ఆ పిల్ల బడికి వెళ్లినప్పుడు కోసి, కోడి పారిపోయిందని చెప్పకండి. మా ఇంట్లో ఒకసారి అలా చెప్పి, సాయంత్రం పళ్లెంలో కాలు చూసి మా వాడు లేచిపోయాడు. కోడి పోయినందుకు కాదు, మేము అబద్ధం చెప్పినందుకు రెండు రోజులు మాట్లాడలేదు. ముందే చెప్పండి. తినాలా వద్దా దాని ఇష్టం. ఐదింటిలో ఒకటి బతుకుతుంది, ఏదో పాపే తేల్చనివ్వండి. ఎందుకంటే ఒకటి మీకు ఎలాగూ అవసరం. ఈ కుర్ర పుంజుల్లో దేన్నయినా ఇంట్లో ఉంచితే అది తల్లినీ అక్కచెల్లెళ్లనూ తొక్కుతుంది, రెండు తరాలకు పిల్లలు నీరసపడతాయి. దాన్ని పక్క ఊళ్లో చుట్టాల ఇంట్లో పుంజుతో మార్చుకోండి. టీకా వేసిన పుంజేనా అడిగి, రెండు మూడు వారాలు వేరే గంప కింద ఉంచాకే పెట్టల్లోకి వదలండి. కొత్త పుంజు వచ్చాక మూడు వారాలు ఆగి, ఆపైన పెట్టిన గుడ్లే పొదుగుకు తీయండి, పాత పుంజు బీజం అన్ని రోజులు పెట్ట ఒంట్లో ఉంటుంది. వినాయక చవితి లోపు మార్పిడి అయిపోతే దసరాకి లెక్క సరిపోతుంది.

ఇక మీదట పేర్లు పెట్టలకు మాత్రమే అని పాపతో ఒప్పందం చేసుకోండి. పకోడీని మాత్రం మొదటి ఆదివారం పెట్టుకోకండి, ఆ పేరుతో కూర తినడం పెద్దవాళ్లకైనా కష్టమే.